ప్రీవెడ్డింగ్ ప్యాకేజీలో ‘రైల్వే ట్రాక్’ అని ఉంటే అడ్వాన్స్ ఇవ్వకండి

పెళ్లిళ్ల సీజన్ కదా, మాలాగా ఇంకెవరూ ఇరుక్కోకూడదని రాస్తున్నా. మా తమ్ముడి ప్రీవెడ్డింగ్ షూట్ నేనే బుక్ చేశాను. 45 వేల ప్యాకేజీ, మూడు లొకేషన్లు, డ్రోన్ వీడియో. మూడో లొకేషన్ ‘రైల్ ట్రాక్ థీమ్’. పర్మిషన్ ఉందా అని అడిగితే "అన్నీ మేం చూసుకుంటాం మేడమ్" అన్నారు. కాగితం చూపించమని అడగకపోవడం నా తప్పే.

పొద్దున్నే ఘట్‌కేసర్ దాటాక ఒక మలుపు దగ్గర పట్టాల మీదకి తీసుకెళ్లారు. "ఈ టైమ్‌లో బండ్లు లేవు, యాప్‌లో చూశాం" అన్నాడు ఫొటోగ్రాఫర్. ఆ యాప్‌లో గూడ్స్ బండ్లు కనిపించవని నాకు తర్వాత తెలిసింది. కాబోయే మరదలిని పట్టా మీద కూర్చోబెట్టి, లెహంగా అంచు కంకర మీద పరిచారు. అతని కన్ను లెన్స్‌లో, మా కళ్లు అతని మీద. హారన్ వినిపించేసరికి గూడ్స్ మలుపు తిరిగేసింది. పిల్ల లేవబోతే పట్టాను బిగించే ఇనుప క్లిప్పుకి లేసు తగులుకుంది. తమ్ముడు చింపుకుని లాగేశాడు. ఇద్దరూ కంగారులో పక్క లైన్లోకే దూకారు! అప్పుడు అటు బండి రాకపోవడం మా అదృష్టం.

పట్టా పక్కన నిలబడితే చాలనుకునేవాళ్లకి ఒక లెక్క. పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, రైలు పెట్టె వెడల్పు మూడుంపావు మీటర్ల దాకా. అంటే పెట్టె పట్టా దాటి రెండున్నర అడుగులు బయటికి ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ 130 స్పీడులో ఉంటే సెకనుకి 36 మీటర్లు వచ్చేస్తుంది. డ్రోన్ ఎగరేసింది 25 వేల వోల్టుల కరెంటు తీగల పక్కన.

‘టైమింగ్స్ మాకు తెలుసు’ అన్న మాటని అసలు నమ్మకండి. 2014 ఫిబ్రవరి 20న అమెరికాలోని జార్జియాలో నది మీది రైలు వంతెనపై ఒక సినిమా షూటింగ్. రైల్వే కంపెనీ ముందే పర్మిషన్ ఇవ్వనంది. రెండు బండ్లు వెళ్లిపోయాయి, ఇక రావనుకున్నారు. మూడోది వచ్చింది. 27 ఏళ్ల కెమెరా అసిస్టెంట్ చనిపోయింది, డైరెక్టర్ జైలుకెళ్లాడు.

మా సంగతికొస్తే, ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లు వచ్చి తమ్ముడి మీద కూడా కేసు రాశారు. రైల్వే చట్టం 147 సెక్షన్: ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. స్టూడియో పంపింది కదా అంటే అక్కడ చెల్లలేదు. నేను కట్టిన 20 వేల అడ్వాన్స్ ఇవ్వమంటే "మధ్యలో ఆపేసింది మీరే కదండీ" అంటున్నారు.

మీరు బుక్ చేసేటప్పుడు లొకేషన్ల లిస్టు వాట్సాప్‌లో కాకుండా బిల్లు మీద రాయించుకోండి. రైలు, స్టేషన్, వంతెన అన్న మాట కనిపిస్తే రైల్వే ఇచ్చిన పర్మిషన్ లెటర్ కాపీ అడగండి, అందులో మీ షూట్ తేదీ ఉందో లేదో చూడండి. లెటర్ తర్వాత పంపుతామంటే ఆ లొకేషన్ కొట్టేయించాకే డబ్బులివ్వండి.