మామునూరు రన్‌వే చూపిస్తామంటే డబ్బులివ్వకండి

మామునూరు ఎయిర్‌పోర్ట్ లోపలికి తీసుకెళ్తామని వరంగల్‌లో ఎవరైనా చెబితే ఒక్క రూపాయి ఇవ్వకండి. మేము 4,500 ఇచ్చి మోసపోయాం.

మేము ముగ్గురం పైలట్లం. నేను ఎయిర్‌బస్ ఎ320 నడుపుతాను. నాతో వచ్చింది నేను తమ్ముడూ అని పిలిచే మా ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్), పోయినేడాది రిటైరైన మా కెప్టెన్ సార్. ఎక్కడ కలిసినా మా మాటలు పాత చిన్న విమానాల దగ్గరికే వస్తాయి. పెద్ద విమానంలో టేకాఫ్ అయిన కాసేపటికే ఆటోపైలట్ పెట్టేస్తాం. ఆ చిన్నవాటిలో బండి ఆగేదాకా, ముక్కును కుడిఎడమలకు తిప్పే రడ్డర్ పెడల్స్ మీద నుంచి కాళ్లు తీయడానికి లేదు. తమ్ముడు అమెరికాలో ట్రైనింగప్పుడు 65 హార్స్‌పవర్ పైపర్ కబ్ ఒక గంట నడిపాడు, ఇప్పటికీ దాని గురించే చెబుతాడు. సార్‌ది పుష్పక్. 1958లో మొదటిసారి ఎగిరిన, మన ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ తయారుచేసిన విమానం. గుడ్డ కప్పిన రెక్కలు, 90 హార్స్‌పవర్ ఇంజన్, రెండే సీట్లు. 1980లో బేగంపేటలో నేర్చుకుంటూ సార్ అందులోనే మామునూరు వచ్చి దిగారు. ఆ రన్‌వే ఇంకోసారి చూడాలన్నది ఆయన కోరిక.

హైదరాబాద్ నుంచి రెండు రోజులకు కారు 7,000. హనుమకొండలో రూమ్ 2,200, శుభ్రంగా ఉంది. వేయిస్తంభాల గుడి, రామప్ప మొదటి రోజే చూసేశాం. నీళ్లలో తేలే రామప్ప ఇటుకల గురించి విన్నాక తమ్ముడు దారంతా వాటి బరువు గురించే మాట్లాడాడు.

హనుమకొండలోనే ఒక ట్రావెల్స్ అతను మనిషికి 1,500 తీసుకున్నాడు. "ఫుల్ పర్మిషన్ సార్, లోపల గంటసేపు" అన్నాడు. మర్నాడు ఖమ్మం రోడ్డు మీద గేటు దగ్గర సెక్యూరిటీ అతను కాగితం అడిగాడు. మా దగ్గర ఏ కాగితమూ లేదు. ట్రావెల్స్ వాడి ఫోన్ స్విచాఫ్. సెక్యూరిటీ అతని తప్పేమీ లేదు, మర్యాదగానే చెప్పాడు. కానీ సార్ ముఖం చూడలేకపోయాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎగిరిన ప్రతిసారీ వివరాలు రాసుకున్న పాత లాగ్‌బుక్ సంచిలో పెట్టుకుని వచ్చిన మనిషి, ఏమీ అనకుండా కారెక్కి కూర్చున్నారు.

తిరిగి వెళ్లకుండా నక్కలపల్లి వైపు పోదామన్నది తమ్ముడే. అక్కడ ఒక రైతు విషయం విని, "లోపలికి పోనియ్యరు సార్. మా డాబా ఎక్కుండ్రి, కనవడ్తది" అన్నాడు.

కనిపించింది. గడ్డి మధ్యలో పొడుగ్గా పాత రన్‌వే. 1930లో నిజాం కట్టించింది, 1981 దాకా విమానాలు దిగేవి. 2025లో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది, మేము వెళ్లినప్పుడు దానికోసం చుట్టుపక్కల పొలాలు తీసుకుంటున్నారు. ఈ రైతు పొలంలో కూడా కొంత పోతుందట. ఆ మాట చెబుతూనే మాకు కుర్చీలు వేశాడు.

సార్ లాగ్‌బుక్ తీసి ఆ రోజు పేజీ చూపించారు. పుష్పక్‌కు మూడో చక్రం వెనక తోక కింద ఉంటుంది, అందుకే నేల మీద ఉన్నప్పుడు ముక్కు పైకి లేచి ఉంటుంది, ఎదుట ఏముందో కనబడదు. అందుకని టాక్సీ చేసేటప్పుడు, అంటే నేల మీద నడిపేటప్పుడు, పాములా మెలికలు తిరుగుతూ పోవాలి. అదెలాగో డాబా మీదే నడిచి చూపించారు. రైతు తండ్రి కింద నుంచే, "అప్పట్ల చానా దిగేటియి సార్, బర్లను ఇడిసిపెట్టి ఉరికెటోళ్లం" అన్నాడు. సార్ కిందికి దిగి, ఆయన పక్కన మంచం మీద కూర్చుని అరగంట మాట్లాడారు.

ఆ ఇంటావిడ సర్వపిండి కాల్చి పెట్టింది. పల్లీలు, నువ్వులు పడి, అంచులు కరకరలాడుతూ. ఈ ప్రయాణంలో అంత మంచి తిండి ఇంకెక్కడా తినలేదు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. చివరికి సార్ చిన్నపిల్ల చేతిలో 500 పెట్టారు.

సాయంత్రం ట్రావెల్స్ షాపుకు వెళ్లి గట్టిగా అడిగితే వెయ్యి చేతిలో పెట్టి, మిగతాది "పర్మిషన్‌కు ఖర్చయింది" అన్నాడు. నేను గొడవ పడుతుంటే సార్ వదిలెయ్యమన్నారు. ఆవిడ కట్టిచ్చిన నాలుగు సర్వపిండ్లు స్టేషన్ ఘన్‌పూర్ దాటకముందే అయిపోయాయి. ఆఖరిది సార్‌కే ఇచ్చాం.