జర్మనీ పీఆర్: కొన్నేళ్లు చేతిలో ఉన్నాక, ఆ ఆరు నెలల గడువు గురించి

పర్లాకిమిడి వచ్చినప్పుడల్లా జర్మనీ వెళ్లాలనుకునే కుర్రాళ్లు నన్ను అడిగేది ఒకటే, పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఎన్ని నెలలకు వస్తుందని. బరంపురం, రాయగడ నుంచి కూడా ఫోన్లు చేస్తుంటారు. చదువుకున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే బ్లూ కార్డ్ మీద ఉండి జర్మన్ భాష పరీక్షల్లో బీ1 పాసైతే 21 నెలలు, అంతకంటే తేలికైన ఏ1తోనే సరిపెట్టుకుంటే 27, అన్ని నెలలూ పెన్షన్ కట్టి ఉండాలి. ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. కార్డు వచ్చాక దాంతో ఏళ్ల తరబడి బతికితే ఏం తెలుస్తుందో అది చెబుతాను, ముఖ్యంగా దేశం వదిలి ఆరు నెలలు దాటితే కార్డు పోతుందనే నిబంధన గురించి, ఎందుకంటే దాని మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

కార్డు మంచిదే. బ్లూ కార్డ్ మీద ఉన్నన్నాళ్లూ ఉద్యోగం పోతే అక్కడ ఉండటమే ప్రశ్న అయిపోతుంది, ఆఫీసులో ఎవరినో తీసేస్తున్నారని వింటే చాలు నాకు నిద్ర పట్టేది కాదు. పీఆర్ వచ్చిన రోజుతో ఆ టెన్షన్ పోయింది. ఏ కంపెనీకైనా మారొచ్చు, కొన్నాళ్లు ఖాళీగా ఉండొచ్చు, సొంతంగా ఏదైనా పెట్టుకోవచ్చు. అప్పట్లో కనిపించిన ప్రతివాళ్లకీ బీ1 రాసేయండి, ఆలస్యం చేయకండి అని చెప్పేవాణ్ణి. ఇప్పుడూ చెబుతాను, కానీ ముందు ఇంట్లో పెద్దవాళ్లు ఎలా ఉన్నారని అడుగుతాను.

2023 వానాకాలంలో నాన్న ఇంటి వెనక నూతి దగ్గర జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. మా బావ అంబులెన్సులో పాతపట్నం మీదుగా విశాఖ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆయన్ని లేపి కూర్చోబెట్టే శక్తి ఆమెకు లేదు. నేను సెలవు పెట్టి వచ్చేశాను. సెలవు అయిపోయాక రాజీనామా కూడా చేశాను, బ్లూ కార్డే ఉండి ఉంటే ఆ ధైర్యం చేయలేకపోయేవాణ్ణి, ఆ విషయంలో పీఆర్‌కి నేను రుణపడి ఉంటాను.

అయితే కుట్ల దగ్గర ఇన్ఫెక్షన్ వచ్చింది. మళ్లీ విశాఖ, మళ్లీ ఆపరేషన్, ఇంటికొచ్చాక మళ్లీ మొదటి నుంచి నడక నేర్పడం. పక్కింటి ఒడియా మావుసీ రోజూ వచ్చి అమ్మకు వంటలో సాయం చేసేది, రాత్రిళ్లు మాత్రం నేనే. ఒక నెలలో అయిపోతుందనుకున్నది సాగుతూనే ఉంది, ఆరు నెలలు దగ్గర పడుతున్నాయి.

జర్మనీ నివాస చట్టం 51వ సెక్షన్ ప్రకారం, దేశం వదిలి ఆరు నెలల్లోపు తిరిగి రాకపోతే పీఆర్ దానంతట అదే పోతుంది. ఎవరూ నోటీసు ఇవ్వరు, కారణం అడగరు. మీరు ఎన్నేళ్లు పన్ను కట్టారన్నది చూడరు, పదిహేనేళ్లు అక్కడ ఉండి, బతుకుతెరువు ఉన్నవాళ్లకు మాత్రం ఈ గడువు నుంచి మినహాయింపు ఉంది. అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది. తాత్కాలిక కారణంతో వెళ్లే పీఆర్ వాళ్లకు మామూలుగా ఇంకా ఎక్కువ గడువు ఇవ్వాలి. కానీ మనమే అడగాలి, ఆరు నెలలు దాటకముందే అడగాలి.

అడిగాను. నేనుండే ఊరి విదేశీయుల కార్యాలయానికి మెయిల్ పెడితే మీ మెయిల్ అందింది అని మెషిన్ జవాబు ఒకటి వచ్చింది, అంతే. వాళ్ల ఆన్‌లైన్ ఫారంలో కార్డు పోయింది, పాస్‌పోర్టు మారింది లాంటివన్నీ ఉన్నాయి, నాన్నకు బాగోలేదు అన్నదానికి చోటు లేదు. ఫోన్ ఎవరూ ఎత్తరు. ఒకసారి వచ్చి నాలుగు రోజులుండి వెళ్లిపో అన్నారు స్నేహితులు. మంచం మీద నుంచి మనిషి సాయం లేకుండా లేవలేని ఆయన్ని వదిలేసి, కేవలం పాస్‌పోర్టులో ముద్ర కోసం అంత దూరం ఎలా వెళ్తాను? చివరికి విశాఖ ఆసుపత్రి కాగితాలు, డాక్టరు రాసిచ్చిన లెటరు అన్నీ జతచేసి, అక్కడి నా స్నేహితుడితో రిజిస్టర్డ్ పోస్టులో పంపించాను. ఇల్లు ఖాళీ చేయొద్దని, నగరపాలక సంస్థలో నా చిరునామా నమోదు తీయించుకోవద్దని అతనే గట్టిగా చెప్పాడు, ఎందుకంటే అవి చేస్తే శాశ్వతంగా వెళ్లిపోయావనుకునే వీలుంది, అప్పుడు ఆరు నెలల లెక్క కూడా అక్కర్లేకుండా కార్డు పోతుంది. జీతం లేకపోయినా అద్దె కడుతూనే ఉన్నాను.

జవాబు అక్కడి నా పోస్టు డబ్బాకే వచ్చింది. స్నేహితుడు ఫోటో తీసి పంపాడు. ఫలానా తేదీలోపు తిరిగి వస్తే పీఆర్ ఉంటుందని ఒక్క పేజీ. ఆ పేజీ కోసం నేను పడ్డ వేదన తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. గడువు ఇచ్చారు, సంతోషమే, కానీ నాన్న పక్కన కూర్చున్న ప్రతి రాత్రీ నా మనసు సగం ఆ మెయిల్ బాక్సులోనే ఉంది.

అమ్మానాన్నల్ని అక్కడికే తీసుకెళ్లొచ్చు కదా అని మీరడగొచ్చు. నైపుణ్యం ఉన్న ఉద్యోగుల తల్లిదండ్రులకు దారి తెరిచారు గానీ, అది 2024 మార్చి 1 నుంచి మొదటిసారి పర్మిట్ తీసుకున్నవాళ్లకే. నాలాంటి పాతవాళ్లకు లేదు. పౌరసత్వం తీసుకుంటే ఈ గొడవే ఉండదు, అప్పుడు భారత పౌరసత్వం వదులుకోవాలి. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా వ్యవసాయ భూమి కొనలేను, మహేంద్రతనయ నది వైపు మా పొలం పక్కనే ఇంకాస్త కొనాలని నాన్న కోరిక.

ఎవరూ పెద్దగా చెప్పని కార్డు ఇంకొకటి ఉంది, ఐదేళ్లు నిండాక ఇచ్చే ఈయూ దీర్ఘకాలిక నివాస అనుమతి. అది ఈయూ బయట వరుసగా 12 నెలలున్నాకే పోతుంది, బ్లూ కార్డ్ మీద ఉండి వచ్చినవాళ్లకైతే 24 నెలలు. ఇప్పుడు నేను దానికోసమే కాగితాలు సర్దుతున్నాను.

కాబట్టి నా మాట ఇది. అన్నో తమ్ముడో ఇంటి దగ్గర ఉంటే, అమ్మానాన్నలు గట్టిగా ఉంటే, 21 నెలల పీఆర్ కంటే మంచిది నాకు కనిపించలేదు. నాలా ఒక్కడే కొడుకైతే కూడా తీసుకోండి, కానీ ఐదేళ్లు నిండిన వెంటనే ఈయూ కార్డుకీ పెట్టండి, అక్కడ నమ్మకమైన మనిషి దగ్గర మీ పోస్టు డబ్బా తాళం ఒకటి ఉంచండి.