సబ్మిషన్ పోటీలో డ్రా: ఒంగోలు, నెల్లూరు మ్యాట్ల మీద ఏ నియమం మేలు?

గ్రాప్లింగ్ అంటే దెబ్బలు లేకుండా పట్లతోనే సాగే పోరు. సబ్మిషన్, అంటే పట్టు వేసి లొంగదీయడం ఒక్కటే లెక్కలోకి వచ్చే గ్రాప్లింగ్‌లో గెలుపుకు దారి ఒకటే. ఎదుటి మనిషి చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోవాలి. తట్టే వీలు లేకపోతే నోటితో చెప్పాలి. చోక్‌లో, అంటే మెడ బిగించే పట్టులో స్పృహ తప్పితే రిఫరీ ఆపాలి. కింద పడేసినందుకో, మీదెక్కి కూర్చున్నందుకో పాయింట్లు రావు. నాకు ఈ పద్ధతి మీద ఎంతో మక్కువ. ఎవరు గెలిచారో ఓడినవాడే స్వయంగా చెబుతాడు కాబట్టి వాదనకు చోటుండదు. చిక్కంతా ఇద్దరిలో ఎవరూ తట్టనప్పుడే.

జిల్లా స్థాయి పోటీ పెట్టాలనుకున్నప్పుడల్లా నియమాల కాగితం దగ్గర చర్చ ఇక్కడే ఆగిపోతుంది. కనిగిరి నుంచో ఉదయగిరి నుంచో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన కుర్రవాడు ప్రవేశ రుసుము కట్టి, బరువు తూగి, మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో ఎదురుచూసి మ్యాట్ ఎక్కుతాడు. పది నిమిషాల తర్వాత రిఫరీ ఇద్దరి చేతులూ ఎత్తుతాడు. పక్కన నిలబడ్డ తండ్రి, "మావాడు గెలిచాడా, ఓడాడా సార్?" అని అడుగుతాడు. ఆయనకు సూటిగా జవాబు చెప్పగలిగే నియమం ఏదన్నదే నా ప్రశ్న.

ముందు పాయింట్ల పద్ధతిని ఎందుకు కాదనుకున్నారో చూడాలి. బ్రెజిలియన్ జియు జిట్సు పోటీల్లో ఎక్కువగా నడిచే అంతర్జాతీయ సమాఖ్య లెక్క ప్రకారం కింద పడేస్తే 2, కింద నుంచి తిరగేస్తే 2, పొట్ట మీద మోకాలు పెడితే 2, గార్డ్ (కింద ఉన్నవాడు కాళ్లతో అడ్డుకునే స్థితి) దాటితే 3, మౌంట్‌కు (మీదెక్కి కూర్చోవడానికి) 4, వెనుక నుంచి పూర్తిగా పట్టుకుంటే 4. లెక్క చక్కగానే ఉంది. కానీ రెండు పాయింట్ల ఆధిక్యం దొరికినవాడికి ఇక పట్టు వేయవలసిన పని లేదు, గంట మోగేదాకా కాచుకుంటే చాలు. లొంగదీయడానికి పుట్టిన విద్యలో లొంగదీయకుండానే పతకాలు వస్తున్నాయన్న అసంతృప్తి నుంచే సబ్మిషన్ పోటీలు బలపడ్డాయి.

అలాంటప్పుడు సమయమే పెట్టకుండా ఎవరో ఒకరు తట్టేదాకా వదిలేస్తే? సిద్ధాంతంగా ఇంతకన్నా శుద్ధమైన నియమం లేదు. ఆచరణలో ఏమవుతుందో చెప్పడానికి మన దేశపు మల్లయోధుడు గామా కథ చాలు. 1910 సెప్టెంబరు 10న లండన్‌లో పోలండ్ మల్లుడు స్టానిస్లాస్ జిబిస్కోతో ఆయన కుస్తీ పట్టాడు. అక్కడ గెలుపంటే తట్టించడం కాదు, భుజాలు నేలకు ఆనించడం. కానీ చిక్కు ఇదే. గామా బలం అర్థమైన జిబిస్కో బోర్లా పడుకుని నేలను కరుచుకున్నాడు. రెండున్నర గంటలు దాటినా ఫలితం తేలలేదు. వారం తర్వాత మళ్లీ పెట్టిన పోటీకి జిబిస్కో రాకపోవడంతో గామాను విజేతగా ప్రకటించారు. 1928లో పటియాలాలో ఇద్దరూ మళ్లీ తలపడితే నిమిషంలోపే గామా గెలిచాడు. అంటే ఇద్దరి మధ్య అంతరం కొండంత ఉన్నా, ఒకడు ఓడకూడదని మాత్రమే నిశ్చయించుకుంటే గంటల సమయమూ చాలదు. పదహారు మందితో నాకౌట్ పెడితే పదిహేను పోటీలు జరగాలి. అందులో రెండు ఇలా సాగినా కల్యాణ మండపం అద్దె గడువు ముగుస్తుంది, పల్లెలకు ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. మే నెల నెల్లూరు ఉక్కపోతలో గంటసేపు పెనుగులాడించడం ఆరోగ్యానికీ మంచిది కాదు. ఈ పద్ధతిని పక్కన పెట్టవలసిందే.

రెండో దారి, సమయం పెట్టి, తేలకపోతే డ్రా అని గౌరవంగా ప్రకటించడం. 2012లో అమెరికాలో రాలెక్ గ్రేసీ మొదలుపెట్టిన మెటామోరిస్ పోటీల్లో ఒక్కో పోరుకు 20 నిమిషాలు, పాయింట్లు లేవు. అందులో ఎక్కువమంది గుర్తుంచుకున్నది 2014 మార్చిలో రాయ్లర్ గ్రేసీ, ఎడ్డీ బ్రావోల పోరు. 2003 ఏడీసీసీ పోటీల్లో (అబుదాబిలో పుట్టిన గ్రాప్లింగ్ పోటీలివి) బ్రావో రాయ్లర్‌ను ట్రయాంగిల్ చోక్‌తో, అంటే కాళ్లతో మెడ బిగించి తట్టించాడు. పదకొండేళ్ల తర్వాత జరిగిన ఈ రెండో పోరులో చాలాసేపు బ్రావోదే పైచేయి, కాళ్ల పట్టులో రాయ్లర్‌ను బాగా ఇబ్బంది పెట్టాడు. అయినా రాయ్లర్ తట్టలేదు. ఫలితం డ్రా. ఒక్క జోడీని చూడటానికే జనం వచ్చినప్పుడు ఇలాంటి డ్రాలో నాకు ఏ లోపమూ కనిపించదు. పెద్ద వయసు మనిషి అంత నొప్పి ఓర్చి నిలబడటం కూడా చూడదగిన విషయమే. నాకౌట్‌లో మాత్రం ఒకరు తర్వాతి రౌండుకు వెళ్లాలి, అక్కడ డ్రాకు తావు లేదు.

పైగా డ్రా దొరుకుతుందని తెలిస్తే బలహీనుడు దాని కోసమే ఆడతాడు. మన దగ్గర తరచూ కనిపించే దృశ్యం ఇది. కింద ఉన్నవాడు కాళ్లతో ఎదుటివాడి నడుము బిగించి, రెండు మణికట్లూ పట్టుకుని, నుదురు వాడి రొమ్ముకు ఆనించి ఉంటాడు. పైవాడు మోచేతులు పక్కటెముకలకు అంటించుకుంటాడు. చేయి చాపితే ఆర్మ్‌బార్ (మోచేతిని వెనక్కి వంచే పట్టు) పడుతుందని పైవాడికి భయం, పట్టు వదిలితే గార్డ్ దాటుతాడని కిందివాడికి భయం. చెమట చుక్కలు మ్యాట్ మీద పడుతుంటాయి, గడియారం తిరుగుతుంటుంది, ఇద్దరూ కదలరు. ఇద్దరూ పిరికివాళ్లేమీ కాదు. కదలకపోతే పోయేది ఏమీ లేదని నియమమే వారికి చెబుతోంది. డ్రా సమస్యకు మూలం నా దృష్టిలో సమయం చాలకపోవడం కాదు, భద్రంగా కూర్చోవడానికి ఏ మూల్యమూ లేకపోవడం. కబడ్డీలో వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై అవుతుంది, పాయింటు తేలేకపోతే రైడర్ అవుట్. ఒలింపిక్ ఫ్రీస్టైల్ కుస్తీలోనూ చురుగ్గా లేనివాడికి 30 సెకన్ల గడువు పెట్టి, ఆలోగా పాయింటు తెచ్చుకోకపోతే ఎదుటివాడికి ఒకటి ఇస్తారు. మంచి నియమం ఏదైనా ఇలా మూల్యం కట్టాలి.

ఇక న్యాయనిర్ణేతలు. సమయం ముగిశాక ఎవరు ఎక్కువ ప్రయత్నించారో ముగ్గురు కూర్చుని తేల్చడం. 2024 ఆగస్టులో లాస్ వేగాస్‌లో పది లక్షల డాలర్ల బహుమతితో జరిగిన క్రేగ్ జోన్స్ ఇన్విటేషనల్‌లో ఐదేసి నిమిషాల రౌండ్లు పెట్టి, బాక్సింగ్‌లోలాగా రౌండులో మేలైనవాడికి 10, రెండోవాడికి 9 లెక్కన మార్కులు వేశారు. చుట్టూ ఏటవాలు గోడలు ఉండటం వల్ల ఆటగాళ్లు అంచుకు జారి తప్పించుకునే వీలూ లేకపోయింది. పోరు బాగా సాగింది. ఆ స్థాయిలో అనుభవమున్న న్యాయనిర్ణేతలు దొరుకుతారు. ఒంగోలులో పోటీ పెడితే కుర్చీలో కూర్చునేది ఎవరు? చుట్టుపక్కల నేర్పేవాళ్లమే. మా శిష్యులే మ్యాట్ మీద ఉంటారు. ఎంత నిష్పక్షపాతంగా తీర్పు ఇచ్చినా, కావలి కుర్రవాడు ఓడితే నెల్లూరు గురువును వేలెత్తి చూపిస్తారు. ఆ మాట ఒకసారి పుట్టిందంటే మరుసటి ఏడాది ఆ ఊరి జట్టు రాదు. అందుకే మన స్థాయిలో న్యాయనిర్ణేతల తీర్పును ఆఖరి అస్త్రంగా కూడా నేను ఒప్పుకోను.

అబుదాబిలో 1998లో మొదలైన ఏడీసీసీ పోటీలది మధ్యే మార్గం. మొదటి సగం పాయింట్లు లేకుండా, రెండో సగం పాయింట్లతో నడుస్తుంది. ఆలోచన బాగుంది కానీ నియమాలు చిక్కైనవి, రిఫరీకి చాలా శిక్షణ కావాలి. మన దగ్గర ఇంకా అందుకు సమయం రాలేదు.

రాయ్లర్‌తో డ్రా చేసుకున్న ఎడ్డీ బ్రావో అదే 2014లో తన పేరుతో ఇన్విటేషనల్ మొదలుపెట్టాడు. ఈబీఐ అని పిలిచే ఆ పద్ధతి మీద నాకు చాలా గురి. పది నిమిషాలు మామూలుగా ఆడాలి. తేలకపోతే ఓవర్‌టైమ్. ఒకడు కూర్చుంటాడు. రెండోవాడు వెనుక చేరి, కాళ్లు ముందుకు తెచ్చి తొడల లోపల బిగించి, ఒక చేయి భుజం మీదుగా, మరో చేయి చంక కింద నుంచి పోనిచ్చి రొమ్ము దగ్గర రెండూ కలుపుతాడు. దీన్ని సీట్‌బెల్ట్ పట్టు అంటారు. రిఫరీ మొదలుపెట్టమనగానే వెనుకవాడు చోక్ కోసం, ముందువాడు తప్పించుకోవడం కోసం పెనుగులాడాలి. రెండు నిమిషాలు గడువు. తర్వాత స్థానాలు మారతాయి. ఇష్టమైతే సీట్‌బెల్ట్ బదులు స్పైడర్ వెబ్, అంటే ఆర్మ్‌బార్‌కు సిద్ధంగా ఉన్న స్థితి నుంచి మొదలుపెట్టవచ్చు. ఇలా మూడు రౌండ్ల దాకా సాగుతుంది. అప్పటికీ సబ్మిషన్‌తో తేలకపోతే, తప్పించుకోవడానికి మొత్తం మీద తక్కువ సమయం తీసుకున్నవాడు విజేత.

ప్రకాశం జిల్లా తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు చూసినవారికి దీని బలం చప్పున అర్థమవుతుంది. ఇచ్చిన గడువులో ఏ జత బండను ఎంత దూరం లాగిందో అడుగుల్లో, అంగుళాల్లో కొలుస్తారు. రైతు ఎంత పేరున్నవాడైనా టేపు మాటే చెల్లుతుంది. ఈబీఐ ఓవర్‌టైమ్‌లో స్టాప్‌వాచ్ అలాంటి టేపు. దాన్ని అందరికీ కనిపించే తెర మీద పెడితే గురువు ఊరు ఏదైనా ఒక్కటే. ఖర్చు కూడా లెక్కకు అందుతుంది. పది నిమిషాల ఆట, గరిష్ఠంగా పన్నెండు నిమిషాల ఓవర్‌టైమ్. పదిహేను పోటీలూ చివరిదాకా సాగినా ఒక మ్యాట్ మీద ఐదున్నర గంటలు. నిజానికి అంత పట్టదు.

ఈ పద్ధతి మీద ఉన్న విమర్శలో నిజం ఉంది. పది నిమిషాలు కాచుకుని, ఓవర్‌టైమ్ కోసమే సాధన చేసేవాళ్లు తయారవుతారు. ఎదుటివాడి వీపు మీదికి చేరడమే ఈ విద్యలో కష్టమైన పని, దాన్ని ఓవర్‌టైమ్ ఉచితంగా ఇచ్చేస్తుంది. అయినా ఓవర్‌టైమ్‌లో కదలకుండా కూర్చున్నవాడు చోక్‌లో ఇరుక్కుంటాడు. మూల్యం ఆలస్యంగానైనా కట్టించే నియమం ఇది. మన పోటీల్లో నేను చేయాలనుకునే మార్పు ఒక్కటే. స్పైడర్ వెబ్ తీసేయాలి. ఏడాదిలోపు నేర్చుకున్నవాడి మోచేయి ఆ స్థితిలో సగం చాచి ఉంటుంది, తట్టాలని తోచేలోపే కీలు దెబ్బతింటుంది. సీట్‌బెల్ట్ నుంచి మాత్రమే మొదలుపెట్టిస్తే ప్రమాదం తగ్గుతుంది, నిర్ణయం మాత్రం అంతే స్పష్టంగా వస్తుంది.

జట్ల పోటీకైతే నా ఓటు క్వింటెట్‌కే. 2000లో రాయ్స్ గ్రేసీతో గంటన్నరసేపు పోరాడి గెలిచిన జపాన్ యోధుడు కజుషి సకురాబా 2018లో దీన్ని ప్రారంభించాడు. జట్టుకు ఐదుగురు. గెలిచినవాడు మ్యాట్ మీదే ఉండి తర్వాతివాడితో తలపడతాడు. పోరుకు 8 నిమిషాలు, ఇద్దరి బరువుల మధ్య 20 కిలోలకు మించి తేడా ఉంటే 4 నిమిషాలు. డ్రా అయితే ఇద్దరూ బయటికి పోతారు. ఈ చివరి వాక్యంలోనే దీని గొప్పతనం ఉంది. డ్రాను నిషేధించలేదు, దానికి ధర కట్టారు. మేటి ఆటగాడు అనామకుడితో డ్రా చేసుకుంటే అతని జట్టు ఒక స్తంభాన్ని కోల్పోతుంది. అనామకుడికి ఆ డ్రాయే విజయం, ఎనిమిది నిమిషాలు గట్టిగా నిలబడి జట్టును కాపాడాడు. అంతకుముందు చూసిన కదలని గార్డే ఇక్కడ వ్యూహంగా మారుతుంది. ఎవరిని ముందు పంపాలి, ఎవరిని చివరికి దాచాలి అన్న ఆలోచన చూసేవారికీ ఆసక్తి కలిగిస్తుంది. ఒంగోలు జట్టుకూ నెల్లూరు జట్టుకూ పోటీ అంటే గ్రాప్లింగ్ తెలియని జనం కూడా వస్తారు. రెండు జట్ల మధ్య ఎంత సాగినా తొమ్మిది పోరులకు మించవు, అంటే గరిష్ఠంగా 72 నిమిషాలు. చివరి జోడీ కూడా డ్రా అయి రెండు జట్లూ ఖాళీ అయ్యే సందర్భంలో తీర్పు ఎవరినీ అడగకుండా, ఆ ఇద్దరికే సీట్‌బెల్ట్ ఓవర్‌టైమ్ ఆడించి స్టాప్‌వాచ్‌తో తేల్చాలని నా ప్రతిపాదన.

కాబట్టి పెద్దల వ్యక్తిగత నాకౌట్‌కు స్పైడర్ వెబ్ లేని ఈబీఐ, ఊళ్ల మధ్య పోటీకి క్వింటెట్, ప్రదర్శన కోసం పెట్టే ఒక్క జోడీకి 20 నిమిషాలు, తేలకపోతే డ్రా. నియమాలను తెలుగులో ఒక పేజీకి మించకుండా రాసి, పేర్లు నమోదు చేసుకునే రోజే చేతికివ్వాలి. సమయం చూడటానికి రిఫరీ కాక ఇద్దరు ఉండాలి, ఇద్దరి గడియారాలూ కలిస్తేనే అంకె ప్రకటించాలి. ఓవర్‌టైమ్‌లో ఒక్క సెకను తేడాతో ఇంటికి వెళ్లేవాడికి ఆ సెకను నిజమని నమ్మకం కలగాలి.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు మాత్రం వీటిలో ఏదీ వద్దు. వారికి పాయింట్ల పద్ధతే మేలు. కింద పడేయడం, గార్డ్ దాటడం, మౌంట్ నిలుపుకోవడం నేర్చుకోవలసిన వయసు అది. మడమ మెలిపెట్టే కాళ్ల పట్లు పూర్తిగా నిషేధించాలి. పిల్లవాడు తట్టేదాకా ఎదురుచూడకుండా, పట్టు పూర్తిగా పడిందని కనిపించగానే రిఫరీ ఆపేయాలి. తోటివారి ముందు తట్టడానికి సిగ్గుపడే వయసులో ఆ నిర్ణయం పిల్లవాడికి వదలకూడదు.