ఇద్దరికీ ఒకటే బీపీ మిషన్: ఏడాది వాడాక

బీపీ మిషన్ పట్టీ ఎలా కట్టుకోవాలి, బ్యాటరీలు ఎన్ని పడతాయి, అంకెలు ఎంత పెద్దగా కనిపిస్తాయి అన్నవి నేను రాయను. అవన్నీ డబ్బా మీదే ఉంటాయి. నేను రాయాలనుకున్నది ఒక్క మీట గురించి. మా మిషన్‌కు పక్కన చిన్న మీట ఉంది. ఒకవైపు జరిపితే 1, ఇంకోవైపు జరిపితే 2. ఒకటి మా ఆయనది, రెండు నాది. ఎవరి రీడింగులు వాళ్ళ మెమరీలో తేదీ, టైముతో సహా విడిగా పడతాయి. వారం వారం ఉదయం సగటు, సాయంత్రం సగటు కూడా ఎవరివి వాళ్ళకు చూపిస్తుంది. కొనేటప్పుడు షాపు అబ్బాయి ఈ సంగతి చెప్పనే లేదు. ఈ ఏడాది మేమిద్దరం కొంచెం నిశ్చింతగా నిద్రపోయామంటే చాలావరకు ఈ మీట పుణ్యమే.

ఊపిరాడని ఏడాది మాది. ఆయన రిటైరయ్యారు. చలికాలంలో కాశీకి వెళ్ళొచ్చాం. బెంగళూరులో ఉన్న కొడుకు దగ్గరికి పోతూ వస్తూనే ఉన్నాం. గంగ జాతరకు తిరుపతిలో మా ఇంటినిండా చుట్టాలు. ఈ మధ్యలోనే ఆయన మాత్ర మారింది. నాకు బీపీ ఉందన్నారు, తర్వాత లేదన్నారు. వీటన్నిటికీ మా వెంట ఉన్నది ఈ మిషనే.

ముందు నా సంగతి చెబుతాను. మోకాలి నొప్పని డాక్టరు దగ్గరికి వెళితే, లోపలికి పంపేముందు నర్సమ్మ బీపీ చూసింది. పై బీపీ 160 దాటింది. ఇంకోసారి చూసినా అంతే. మాత్ర మొదలుపెట్టాల్సి వస్తుందేమోనని డాక్టరుగారు అంటుంటే నాకు చెమటలు పట్టాయి. మా అమ్మకు పక్షవాతం వచ్చింది బీపీతోనే. ఇంట్లో మిషన్ ఉందా అని అడిగారు. ఉందన్నాను. అయితే వారం రోజులు పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు చూసుకుని రమ్మన్నారు. చూసే పద్ధతి కూడా చెప్పారు. కుర్చీలో వీపు ఆనించాలి. పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేయకూడదు. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. మాట్లాడకూడదు. కాఫీ తాగితే అరగంట ఆగాలి.

ఆ వారం తర్వాత 2 వైపు సగటు చూస్తే 126/78. మిషన్ తీసుకెళ్ళి చూపించాను. డాక్టరుగారు మొదటి రోజువి వదిలేసి మిగతావన్నీ ఒక్కొక్కటే వెనక్కి జరిపి చూశారు. ఆస్పత్రిలో 140/90 హద్దయితే ఇంట్లో చూసుకునేదానికి 135/85 హద్దట. నాది దానికంటే కిందే ఉంది. డాక్టరును చూస్తే పెరిగే బీపీ ఇది, వైట్ కోట్ బీపీ అంటారు, ఇప్పటికి మాత్ర వద్దన్నారు. అదే రోజు వాళ్ళ మిషన్‌తోనూ మా మిషన్‌తోనూ పక్కపక్కన చూసి, తేడా పెద్దగా లేదని తేల్చారు. ఎవరైనా ఇంట్లో మిషన్ పెట్టుకుంటే ఏడాదికోసారి ఇలా సరిచూసుకోవడం మంచిది.

ఆ రోజు ఇంటికొచ్చి నేను ఈ మిషన్‌ను ఎంత పొగిడానో మా వీధి మొత్తానికి తెలుసు. ఇప్పుడు అంత పొగడను. ఎందుకంటే ఏడాది చివరికొచ్చేసరికి నా సాయంత్రం సగటు మెల్లగా పైకి పాకింది. ఇంకా హద్దు దాటలేదు గానీ దాని దగ్గరికి వచ్చింది. ఇలాంటి బీపీ ఉన్నవాళ్ళలో కొందరికి ముందుముందు నిజం బీపీ రావచ్చని, చూసుకుంటూ ఉండమని డాక్టరుగారు మొదటే చెప్పారు. మిషన్ నాకు బీపీ లేదని రాసిచ్చినట్టు అప్పట్లో సంబరపడ్డాను. అది చూపించింది ఆ వారం మాట మాత్రమే.

ఇక జాతర సంగతి. అది మాత్రం వివరంగా రాయాలి.

మా ఆయన చాలాకాలంగా బీపీకి ఆమ్లోడిపిన్ 5 మాత్ర వేసుకునేవారు. ఎండాకాలం మొదలయ్యాక చీలమండల దగ్గర వాపు. సాయంత్రానికి మేజోళ్ళ అచ్చు గుంటగా పడిపోయేది. ఆ మాత్రకు అలా వాపు వస్తుందని చెప్పి టెల్మిసార్టన్ 40కి మార్చారు. వాపు తగ్గింది. కొత్త మాత్ర పూర్తిగా పట్టడానికి నాలుగు వారాలు పడుతుంది, ఆలోగా రోజూ బీపీ చూస్తూ ఉండండి, ఆ సగటును బట్టి మోతాదు తేలుద్దామన్నారు. సరిగ్గా ఆ వారాల్లోనే, మే నెలలో, తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చింది.

తిరుపతివాళ్ళకు చెప్పక్కర్లేదు. బయటివాళ్ళకు చెప్పాలంటే గంగమ్మ శ్రీవారికి చెల్లెలు, కొండ మీద నుంచి సారె వస్తుంది. చాటింపు వేశాక ఊరు దాటకూడదన్న పట్టింపు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. పుత్తూరు నుంచి మా బావగారు, అక్క, మదనపల్లి నుంచి ఆడబిడ్డ కుటుంబం, బెంగళూరు నుంచి కొడుకు, కోడలు, పిల్లలు. వచ్చినవాళ్ళు జాతర ముగిసేదాకా ఉండిపోయారు. పిల్లలకు తెల్లటి నామకొమ్ము పూసి బైరాగి వేషం, కుంకుమ పూసి బండ వేషం వేయడం, అంబలి కాయడం, పొంగళ్ళు, రోజుకో హడావిడి.

హాల్లో బల్ల మీద మిషన్ ఉంది. పెద్దవాళ్ళున్న ఇంట్లో బీపీ మిషన్ కనిపిస్తే ఎవరూ ఊరుకోరు. "ఏమ్మా, నాకూ ఒకసారి చూడు" అని బావగారు చెయ్యి చాపారు. తర్వాత అక్క. తర్వాత ఆడబిడ్డ భర్త. నేను వంటింట్లో ఉన్నప్పుడు కూడా వాళ్ళకు వాళ్ళే కట్టుకుని చూసుకున్నారు. ఇంటికొచ్చినవాళ్ళ ఆరోగ్యం గురించి ఆమాత్రం అక్కర ఉండడం మంచిదే. కానీ మీట 1 వైపే ఉంది. ఈ మిషన్‌లో మూడో మనిషికి చోటు లేదు. బటన్ నొక్కితే చాలు, మీట ఎటుంటే ఆ మెమరీలోకి రీడింగ్ వెళ్ళిపోతుంది. ఎవరిదని అడగదు.

ఆ రాత్రి మా ఆయన తన సగటు చూసుకున్నారు. అంతకుముందు వారం 130 దగ్గర ఉన్నది ఒక్కసారిగా పైకి ఎగబాకింది. మనిషి మొహం వాడిపోయింది. "ఈ మాత్ర నాకు పడలేదే" అన్నారు. పాత మాత్రే మేలు, కాళ్ళు వాచినా పర్వాలేదన్నారు. మర్నాడు పొద్దున చూసుకుంటే టెన్షన్‌తో అది కూడా కొంచెం ఎక్కువే వచ్చింది. ఇల్లంతా నవ్వులు, పిల్లల గోల. ఆయనొక్కరే గదిలో మంచం మీద కూర్చుని ఉన్నారు. బావగారు జాతరకు పోదాం రారా అంటే తల నొప్పన్నారు. నాకు లోపల వణుకు మొదలైంది. పండగపూట ఎవరితోనూ చెప్పలేను. డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

అప్పుడు మిషన్ తీసుకుని, ఆస్పత్రిలో డాక్టరుగారు చూసినట్టు, మెమరీ బటన్ నొక్కుతూ ఒక్కొక్క రీడింగే వెనక్కి వెళ్ళాను. నిన్నటివి వరసగా వచ్చాయి. ఒకటి 178/104. టైము చూస్తే పదకొండుంబావు. పదకొండుంబావుకి ఆయన ఇంట్లోనే లేరు! మనవళ్ళకు బైరాగి వేషం వేసి గుడి దగ్గరికి తీసుకెళ్ళి, మధ్యాహ్నం భోజనం వేళకు వచ్చారు. ఒంటికి అంటుకున్న నామకొమ్ము నేనే తుడిచాను కదా. దాని పక్కనే ఇంకో రెండు రీడింగులు, అవీ ఆ వేళవే. "ఏమండీ, ఇవి మీవి కావు" అని కేక వేశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మూడుసార్లు చూశారు. తర్వాత లేచి స్నానానికి వెళ్ళారు. ఆ సాయంత్రం జాతరకూ వచ్చారు.

నా అసలు కోపం ఇక్కడే. ఆ మూడు తప్పుడు రీడింగులు తీసేద్దామంటే కుదరదు. ఈ మిషన్‌లో ఒక్క రీడింగ్ తీసేసే ఏర్పాటు లేదు. చెరిపితే 1 వైపు ఉన్నవన్నీ పోతాయి, మాత్ర మార్చినప్పటి నుంచి ఉన్నవన్నీ. ఉంచితే సగటు తప్పు చూపిస్తుంది. పేషెంట్లు వాడే వస్తువు తయారుచేసేవాళ్ళకు ఇంటికి చుట్టాలొస్తారని తెలియదా? ఇద్దరి రీడింగులు విడివిడిగా దాచాలని తోచినవాళ్ళకు, మూడో మనిషి చూసుకుంటే దాచకుండా వదిలేసే వీలు పెట్టాలని తోచకపోవడం ఎలా అని ఇప్పటికీ అనిపిస్తుంది. కొన్ని మిషన్లలో ఆ వీలు ఉందని తర్వాత తెలిసింది. గెస్ట్ మోడ్ అంటారట.

చివరికి నేనూ కోడలూ కూర్చుని ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఆయన రీడింగులన్నీ తేదీ, టైముతో ఎక్కించాం. ఆయనవి కాని ఆ మూడింటినీ వదిలేశాం. ఆ తర్వాతే మెమరీ చెరిపాం. డాక్టరుగారు ఆ నోట్‌బుక్కే చూసి, మాత్ర బాగానే పనిచేస్తోంది, ఇదే మోతాదు ఉంచుదామన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో నోట్‌బుక్ ఉండాల్సిందే. మిషన్ ఉంటే పుస్తకం అక్కర్లేదని కొన్న కొత్తలో అందరికీ చెప్పేదాన్ని, ఇప్పుడు ఆ మాట చెప్పను.

ఇందులో ఒక మేలు కూడా జరిగింది. ఆ 178 ఎవరిదని విచారిస్తే బావగారిదని తేలింది. ఆయనకు బీపీ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఆయన చెయ్యి బాగా లావు. మా మిషన్‌తో వచ్చిన పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి మాత్రమే. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆస్పత్రిలో పెద్ద పట్టీతో చూస్తే తగ్గింది గానీ 150 దాటే ఉంది. ఇప్పుడు ఆయన మాత్ర వేసుకుంటున్నారు. అక్క ఫోన్ చేసినప్పుడల్లా ఆ మాటే ఎత్తుతుంది. కాబట్టి కొనేముందు మోచేతికీ భుజానికీ మధ్య చేతి చుట్టుకొలత టేపుతో చూసుకోండి. పట్టీ సరిపోకపోతే ఎంత మంచి మిషనైనా వృథా.

కాశీ ప్రయాణం గురించి క్లుప్తంగా రాస్తాను. రైల్లో ఇది పనిచేయదు. బండి కుదుపులకు ఎర్రర్ చూపిస్తుంది, చూపించకపోయినా ఆ అంకె నమ్మడానికి లేదు. కారులోనూ అంతే. బెంగళూరు దారిలో మొగిలి ఘాటు ఎక్కాక ఆయనకు కళ్ళు తిరిగినట్టుంటే పలమనేరులో ఆగి, హోటల్లో కూర్చోబెట్టి చూశాకే సరైన రీడింగ్ వచ్చింది. కాశీలో చలికి ఆయన బీపీ రోజూ పదీ పదిహేను ఎక్కువ చూపించేది. మళ్ళీ భయం. 2 వైపు జరిపి చూస్తే నాదీ అంతే పెరిగింది. ఇద్దరికీ ఒకేసారి పెరిగిందంటే కారణం ఆయన ఒంట్లో కాదు, చలిలోనూ బయటి తిండి ఉప్పులోనూ ఉందని అర్థమైంది. డాక్టరుగారు ఫోన్లో అదే అన్నారు. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయట. తిరుపతికి వచ్చాక ఇద్దరివీ దిగాయి. ఒక్కరి రీడింగులే ఉండి ఉంటే ఆ గదిలో ఎంత బెంగపడేవాళ్ళమో.

ఇద్దరివీ పక్కపక్కన ఉండడం వల్ల ఇంకో మార్పు వచ్చింది. రోజుకు ఉప్పు ఐదు గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కొత్త ఆవకాయ, ఊరుబిండి ఉన్న ఇంట్లో అది ఎంత కష్టమో రాయలసీమవాళ్ళకు తెలుసు. ఇదివరకు ఆయనకొక్కరికే వేరే చప్పిడి కూర చేసేదాన్ని, ఆయన అలిగేవారు. నా అంకెలు కూడా కదలడం చూశాక ఇద్దరం ఒకటే కూర తింటున్నాం. మనవళ్ళు అలిపిరి మెట్లు 3550 ఎక్కుతామంటే మేం బస్సులో కొండకు వెళ్ళాం. అరవై దాటినవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు కాలినడక వద్దని టీటీడీ చెబుతున్నదే. ఆ పొద్దున బీపీ బాగానే ఉంది, నడుస్తానని ఆయన పట్టుబట్టారు. ఇంట్లో కూర్చుని చూసుకున్న అంకె మెట్లెక్కడానికి అనుమతి కాదని కొడుకు నచ్చజెప్పాడు.

కొనొచ్చా అంటే, ఇంట్లో ఇద్దరే ఉండి, ఇద్దరికీ బీపీ చూసుకోవాల్సి ఉంటే, ఒకరు కాకపోయినా ఒకరు టైము రాసుకునే ఓపిక ఉన్నవాళ్ళయితే, మాకు ఉపయోగపడినట్టే మీకూ పడుతుంది. ఉమ్మడి కుటుంబమైతే, చుట్టాల రాకపోకలు మా ఇంట్లోలా ఉంటే, గెస్ట్ మోడ్ ఉందో లేదో షాపులోనే పెట్టించి చూడండి. ఒక్క రీడింగ్ తీసేసే వీలుందో కూడా అడగండి. ఒక్కరే ఉండేవాళ్ళకు ఈ మీట అవసరమే లేదు, తక్కువ ధరలో దొరికేది చాలు. గుండె లయ సరిగా లేనివాళ్ళకు ఇలాంటి మిషన్ల అంకెలు అంత నమ్మకంగా రావు, వాళ్ళు డాక్టరును అడిగాకే కొనాలి.

ఫోనుకు కలిసే కొత్త మిషన్ కొనిస్తానని కొడుకు అంటున్నాడు. రీడింగులు నేరుగా వాడికే వెళతాయట. మా ఆయన వద్దన్నారు, 150 వచ్చినప్పుడల్లా పిల్లవాడు ఆఫీసులో కంగారుపడతాడని. నాకు మాత్రం తీసుకుంటే బాగుండుననే ఉంది. ఈ మిషన్ వారంటీ ఇంకా ఉంది కాబట్టి వచ్చే జాతర దాకా ఇదే వాడతాం. చుట్టాలు రాగానే దీన్ని బీరువాలో పెట్టి, వాళ్ళ కోసం మా తమ్ముడి ఇంట్లో ఉన్న పాత మిషన్ తెప్పించి హాల్లో పెడతాను.