దేవమాలి మీంచి చూస్తే పొలంలో బొమ్మ కనిపిస్తుందా?

ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో వరి మడులనే కాన్వాసు చేసి బొమ్మ పండించాలని అక్కడి జైపూర్‌లో ఉండే మా తెలుగు మిత్రులకు చాలాకాలంగా కోరిక. ఏం గీయాలన్నది తర్వాత, చూసేవాళ్లు ఎక్కడ నిలబడాలో ముందు తేలాలని నా పట్టు. అందుకే వలిసి పూలు విచ్చే రోజుల్లో సెమిలిగూడ, పొట్టంగి వైపు బయల్దేరాం.

ఈ పట్టు నాకు జపాన్‌లోని ఇనకదాతె గ్రామం గురించి తెలుసుకున్నాక వచ్చింది. 1993లో వాళ్లు రకరకాల ఆకు రంగులున్న వరి నాటి పొలంలో బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. కోట ఆకారంలో ఉన్న గ్రామ కార్యాలయం పైకెక్కి జనం వాటిని చూస్తారు. 2003లో మోనాలిసాను నాటితే దగ్గరగా ఉన్న కిందిభాగం లావుగా, దూరంగా ఉన్న పైభాగం సన్నగా అగుపించింది. అప్పట్నుంచి చూసే చోటు లెక్కలోకి తీసుకుని, దూరపు భాగాన్ని సాగదీసి గీస్తున్నారు. మన పక్క మహారాష్ట్రలో, లాతూర్ జిల్లా నిలంగాలో ఆరెకరాల్లో గడ్డి మొలిపించి ఛత్రపతి శివాజీ రూపం తెచ్చారు. గొప్ప పని. కానీ చదును నేల కాబట్టి దాన్ని పూర్తిగా చూడటానికి డ్రోన్ కావాల్సి వచ్చింది. మన ఘాట్ల దగ్గర ఆ ఇబ్బంది లేదు, కొండే మంచె.

దేవమాలి ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం, 1,672 మీటర్లు. జీపు దాదాపు పైదాకా వెళ్తుంది. సెమిలిగూడలో మాట్లాడుకున్న డ్రైవరన్నకు తెలుగు బాగా వచ్చు, తొందరపెట్టలేదు, అడిగిన ప్రతి మలుపులోనూ ఆపాడు. పైన గాలి, గడ్డి కొండలు, కింద పసుపుపచ్చని వలిసి చేలు. చూడటానికి తప్పకుండా వెళ్లండి. మా పనికి మాత్రం అది కుదరదు. మడులు మూడేసి కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. అంత దూరాన మంచి చూపున్నవాళ్లకు కూడా మీటరు కన్నా చిన్నది విడిగా తెలియదు. అక్షరాలైతే ఇంకా కష్టం. ఒడియా అక్షరాలు చాలావాటికి పైన గొడుగులాంటి వంపు ఒక్కటే, తేడా అంతా కిందుంటుంది. మన ప, వ ల తేడా చిన్న గీత. ఆ గీతే మూడు నాలుగు మీటర్లుంటే గాని చదవలేం. పైగా మంచు ఎప్పుడు తెర దించుతుందో చెప్పలేం.

బస విషయానికొస్తే, కొండమీద గుడారాల్లో తెల్లవారుజాము అద్భుతంగా ఉంటుంది, చలికి తగ్గ దుప్పట్లు మాత్రం మీరే తెచ్చుకోండి. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే సెమిలిగూడ లాడ్జీలే నయం. మేమున్న చోట గదులు చిన్నవే గాని శుభ్రం, వేడినీళ్లు అడిగిన వెంటనే ఇచ్చారు. రోడ్డు పక్క హోటల్లో దాల్మా, అన్నం కడుపునిండా దొరికాయి. సంతలో చోడి అంబలి తాగకుండా రాకండి.

మాకు కావలసింది పొట్టంగి దగ్గర దొరికింది. వాగు నడిచే లోయలోనే గట్లు కట్టి మెట్లుమెట్లుగా వరి పండించే భూములను ఇక్కడ ఝోలా అంటారు. నీరు ఎడతెగదు కాబట్టి చేను ఆలస్యంగా పండుతుంది, ఆకు రంగు ఎక్కువ కాలం నిలుస్తుంది. పై రోడ్డు మలుపులోంచి మడులు రెండు మూడు వందల మీటర్లే. ప్రతి గట్టూ వంపు తిరిగే ఉంది. సరళరేఖలు ఇక్కడ ఇమడవు, నెమలి మెడో చేపో అయితే గట్లే సగం గీసిపెట్టాయి.

మడి యజమాని పరజా తెగకు చెందిన గిరిజన రైతు. మేం తెలుగులో, ఆయన ఇక్కడి దేశియా భాషలో, మధ్యలో డ్రైవరన్న. కాలాజీర వరి నాటితే నల్లగా కనబడదా అని మావాడొకడు అడిగితే, పొట్టు నలుపే గాని ఆకు పచ్చదే కదా అన్నాడాయన. ఊదా ఆకు వరి వేరే ఉంది. అడవి వరి కలుపును గుర్తుపట్టి పీకేయడానికి ఛత్తీస్‌గఢ్‌లో అలాంటి శ్యామల రకం వేస్తారని చెప్పాం. అప్పుడు ఆయన అసలు ప్రశ్న వేశాడు: "ఆ గింజలు నా విత్తనంలో కలిస్తే?" చిన్న రైతులు పాత వరి రకాలను తరతరాలుగా కాపాడుతున్న జిల్లా ఇది, ఈ పనికే కమలా పూజారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. ఇక్కడ ఆ ప్రశ్నకు సమాధానం లేకుండా నారు పోయకూడదు. బొమ్మ మడుల పంటంతా విడిగా కోసి, విడిగా నూర్చి, అందులోంచి ఒక్క గింజ కూడా విత్తనానికి ఉంచకూడదని ఒప్పుకున్నాం. దిగుబడి తగ్గితే ఆ నష్టం ముందే చేతికివ్వాలి.

ఇంకో చిక్కు రోడ్డు. ఆ మలుపులో లారీలు తెగ తిరుగుతాయి, నలుగురు నిలబడే జాగా కూడా లేదు. కాస్త దిగువన ఉన్న బండమీద కర్ర మంచె వేసుకోవచ్చని రైతే చూపించాడు. ఆ మంచె ఎత్తు కొలిచాకే బొమ్మ సాగదీసే లెక్క మొదలవుతుంది. నార్లు పోసేలోగా, మే నెలలో, కొలత టేపులతో మళ్లీ వెళ్తున్నాం. రాదలచినవాళ్లు సాలూరు మీదుగా వచ్చే జైపూర్ బస్సెక్కి పొట్టంగిలో దిగండి.