పీబీఐ101తో నాలుగేళ్లు: పక్క జీన్ గోల లేని వెక్టర్

తిరుపతిలో ఆరేళ్లుగా ఒక వేరుశనగ ప్రొమోటర్ మీద, అంటే జీన్‌ను ఆన్ చేసే స్విచ్ మీద పనిచేస్తున్నాను. నీటి ఎద్దడి వస్తే మేలుకునే జీన్‌ది అది. ప్రొమోటర్ ఎప్పుడు మేలుకుందో చూడటానికి దాని వెనక గస్ అనే రిపోర్టర్ జీన్ పెడతాం, అది పనిచేసిన చోట ఆకు రంగు పరీక్షలో నీలంగా మారుతుంది. ఇవన్నీ మొక్కలోకి మోసుకెళ్లే గుండ్రటి డీఎన్ఏనే ప్లాస్మిడ్ లేదా వెక్టర్ అంటాం, పీబీఐ101 అలాంటిదే. అందులో నాకు నచ్చింది ఒక్కటే. 1987 నాటి ఈ ప్లాస్మిడ్‌లో కనామైసిన్ మార్కర్‌ను (వెక్టర్ చేరిన మొక్కలు మాత్రమే ఆ యాంటీబయాటిక్‌ను తట్టుకునేలా చేసే జీన్‌ను) నడిపేది నాస్ అనే ప్రొమోటర్, 35ఎస్ అనే బలమైన వైరస్ ప్రొమోటర్ కాదు. నా పీహెచ్‌డీని కాపాడింది అదే.

మొదటి రెండేళ్లు వేరే వెక్టర్ వాడాను. పీబీఐ101 కంటే కొత్తది, క్లోనింగ్ సైట్లు (డీఎన్ఏ ముక్కను అతికించే చోట్లు) ఎక్కువ, మార్కర్ హైగ్రోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్‌ది. పొగాకులో మొక్కలు బాగానే వచ్చాయి. రోజూ నీళ్లు పోసిన మొక్క నుంచి ఒక ఆకు, వారం రోజులు ఎండబెట్టిన మొక్క నుంచి ఒక ఆకు కోసి, గస్ ఉంటే నీలం తేలే ఎక్స్-గ్లూక్ ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాను. పొద్దున ఆల్కహాల్‌తో పచ్చదనం పోయేదాకా కడిగి చూస్తే రెండూ నీలమే. నీళ్లు తాగిన ఆకులో ఈనెల వెంట ఇంకు పాకినట్టు ఉంది. ప్రొమోటర్ కాస్త లీకవుతోంది అనుకున్నాం. ముందు వైపు నుంచి కొంచెం కొంచెం కత్తిరించి నాలుగు సైజుల్లో పెట్టి చూశాను. ఏది పెట్టినా అవే ఈనెలు, అదే నీలం. ఎనిమిది నెలలు అలా పోయాయి. ఆఖరికి గస్ ముందు ప్రొమోటర్ ఏదీ లేని మొక్క ఆకు కూడా వేశాను. మర్నాడు అది కూడా నీలంగా తేలింది. ఆ ట్రే పట్టుకుని కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు.

తప్పు నా ప్రొమోటర్‌ది కాదు. ఆ వెక్టర్‌లో హైగ్రోమైసిన్ జీన్‌ను నడిపే 35ఎస్, నా ప్రొమోటర్ వీపుకు వీపు ఆనించి ఉన్నాయి. 35ఎస్‌లోని ఎన్‌హాన్సర్ (జీన్ పనిని పెంచే భాగం) ఏ దిక్కుకైనా పనిచేస్తుంది, పక్కనున్న జీన్‌ను కూడా లేపేస్తుంది. మార్కర్‌లోని 35ఎస్ పక్క జీన్‌ను ఇలా మారుస్తుందని, నాస్ పెడితే ఆ బెడద తప్పుతుందని 2005లోనే ప్లాంటా పత్రికలో వచ్చింది. ముందే చదివి ఉండాల్సింది.

అదే ప్రొమోటర్‌ను హిండ్-త్రీ, బామ్-హెచ్-వన్ అనే రెండు క్లోనింగ్ సైట్ల మధ్య పీబీఐ101లో పెట్టాను. ఇందులో మార్కర్ టెర్మినేటర్ (జీన్ చివర ఆపే భాగం) నా ప్రొమోటర్ వైపు ఉంటుంది, నాస్ ప్రొమోటర్ అవతలి కొసన ఉంటుంది. నీళ్లు పోసిన ఆకు తెల్లగా, కాగితంలా వచ్చింది. ఎండబెట్టిన ఆకు నీలం. చిత్తూరు దగ్గర మా చేనిలో ఆగస్టులో వాన మొహం చాటేస్తే వేరుశనగ ఆకులు ముడుచుకోవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆ ముడుచుకునే వేళ లోపల మేలుకునేదాన్ని మొదటిసారి కంటితో చూసిన రోజు అది. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

అలాగని అన్నింటికీ ఇదే వాడమని చెప్పలేను. ఒక్కో బాక్టీరియాలో దీని కాపీలు తక్కువ కాబట్టి మినీప్రెప్‌లో (కొద్దిపాటి కల్చర్ నుంచి ప్లాస్మిడ్ తీసే పద్ధతిలో) డీఎన్ఏ నామమాత్రంగా వస్తుంది. ఎక్కువ కల్చర్ పెంచక తప్పదు. క్లోనింగ్ సైట్లు కొన్నే. ఇందులోని గస్‌లో ఇంట్రాన్ (మొక్క కణం తీసేయగలిగే, బాక్టీరియా తీసేయలేని మధ్య ముక్క) లేదు, అందుకే వెక్టర్‌ను మొక్కకు చేర్చే ఆగ్రోబాక్టీరియం అనే బాక్టీరియా తానే నీలం చేయగలదు. ఆకులోకి సిరంజితో ఎక్కించి రెండో రోజే చూసే పనికైతే దీన్ని నేను ముట్టను, ఇంట్రాన్ ఉన్న గస్ తీసుకుంటాను. తెల్లటి ఆకు అని పైన రాశాను కదా, అది రెండో తరం మొక్కల మాట. మొదటి తరంలో రెండు లైన్లు (విడివిడిగా జీన్ చేరిన మొక్కలు) నీళ్లు పోసినప్పుడూ కాస్త నీలం చూపించాయి. టీ-డీఎన్ఏ (వెక్టర్‌లో మొక్కలోకి చేరే భాగం) వెళ్లి కూర్చున్న చోటు ప్రభావం అయ్యుండొచ్చు. అందుకే ఎనిమిది లైన్లు చూశాకే నమ్మాను.

నాది పొగాకు, కనామైసిన్‌తో ఇబ్బంది లేదు. పక్క బెంచిలో వరి చేస్తున్న అమ్మాయి ఈ మధ్య ఇదే ప్లాస్మిడ్ అడిగింది. వరికి కనామైసిన్‌తో సెలక్షన్ సరిగా కుదరదు, హైగ్రోమైసినే కావాలి. తనకు ఇది ఇవ్వలేదు. కూర్చోబెట్టి తన వెక్టర్ మ్యాప్ తెరిపించి, మార్కర్ ముందు ఏ ప్రొమోటర్ ఉందో ఇద్దరం కలిసి చూశాం. 35ఎస్సే ఉంది.