లివిన్ ఆన్ ఎ ప్రేయర్, పోర్ సమ్ షుగర్, స్వీట్ చైల్డ్: మూడింటిలో ఏది మేలు?

ఎనభైల హార్డ్ రాక్ గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే వాదన ఎక్కడెక్కడో తిరిగి చివరికి మూడు పాటల దగ్గర ఆగుతుంది. బాన్ జోవి వాళ్ల ‘లివిన్ ఆన్ ఎ ప్రేయర్’, డెఫ్ లెపర్డ్ ‘పోర్ సమ్ షుగర్ ఆన్ మీ’, గన్స్ ఎన్ రోజెస్ ‘స్వీట్ చైల్డ్ ఓ మైన్’. మూడు ఆల్బమ్‌లూ ఏడాది వ్యవధిలోనే వచ్చాయి. మొదటి పాట ఉన్న ‘స్లిప్పరీ వెన్ వెట్’ 1986 ఆగస్టులో విడుదలైంది. 1987 జులై 21న గన్స్ వాళ్ల ‘అపటైట్ ఫర్ డిస్ట్రక్షన్’, ఆ తర్వాత రెండు వారాలు తిరక్కుండానే డెఫ్ లెపర్డ్ ‘హిస్టీరియా’ వచ్చాయి.

నా ఓటు ‘లివిన్ ఆన్ ఎ ప్రేయర్’కి. ఈ మాట అనగానే గిటార్ వాయించేవాళ్లు చాలామంది మొహం చిట్లిస్తారు. బాన్ జోవిది పాప్ సంగీతమనీ, గన్స్ వాళ్లదే అసలు రాక్ అనీ వాళ్ల లెక్క. ఆ లెక్క ఎక్కడ తప్పుతోందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. మిగతా రెండు పాటలూ నాకు ప్రాణమే, వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

ఈ తరహా పాటల్ని గ్లామ్ మెటల్ అంటారు, ఆ పేరు గురించి రెండు ముక్కలు. లాస్ ఏంజెలెస్‌లో సన్‌సెట్ స్ట్రిప్ అనే రోడ్డు మీద విస్కీ ఎ గో గో, రాక్సీ లాంటి క్లబ్బులు ఉండేవి. జుట్టుకి స్ప్రే కొట్టి, మొహానికి మేకప్ వేసుకుని, బిగుతు ప్యాంట్లతో వాయించే బ్యాండ్లు అక్కడే పుట్టుకొచ్చాయి. 1983 నవంబర్‌లో క్వైట్ రయట్ ‘మెటల్ హెల్త్’ అమెరికా ఆల్బమ్ చార్టులో మొదటి స్థానానికి చేరాక, ఇందులో డబ్బుందని కంపెనీలకి అర్థమైంది. మన మూడు బ్యాండ్లలో ఆ రోడ్డు మీద పెరిగింది గన్స్ ఎన్ రోజెస్ ఒక్కటే. బాన్ జోవి న్యూజెర్సీ వాళ్లు, డెఫ్ లెపర్డ్ ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వాళ్లు. గ్లామ్‌కి దూరమని అందరూ చెప్పే గన్స్ వాళ్లే ఆ వీధి బిడ్డలు. వాళ్ల ‘వెల్‌కమ్ టు ద జంగిల్’ వీడియోలో గాయకుడు ఆక్సెల్ రోజ్ జుట్టు చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. కాబట్టి ఎవరు అసలు, ఎవరు నకిలీ అనే గొడవ పక్కన పెట్టి పాటల్నే చూద్దాం.

ముందు ‘షుగర్’. రికార్డింగ్ పనితనంలో ఈ పాటకి సాటి వచ్చేవి ఆ దశాబ్దంలో చాలా తక్కువ. ‘హిస్టీరియా’ తయారు కావడానికి మూడేళ్లకి పైగా పట్టింది. నిర్మాత ‘మట్’ లాంగ్ పట్టుదల అలాంటిది. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’లా ప్రతి పాటా హిట్ అయ్యే రాక్ ఆల్బమ్ చేయాలన్నది ఆయన పంతం. డ్రమ్స్‌ని గదిలో కూర్చుని ఏకబిగిన వాయించి రికార్డు చేయలేదు. ఒక్కో దెబ్బనీ శాంపిల్‌గా తీసి మెషీన్‌లో పేర్చారు. గొంతుల మీద గొంతులు పొరలు పొరలుగా వేశారు. అందుకే ఆ కోరస్ వింటే నలుగురు పాడినట్టు ఉండదు, స్టేడియం మొత్తం ఒకే గొంతుతో అరిచినట్టు ఉంటుంది. తమాషా ఏమిటంటే, ఇంత శ్రమపడ్డ ఆల్బమ్‌లో అందరికీ గుర్తున్న ఈ పాట అన్నిటికన్నా ఆఖర్న, తక్కువ సమయంలో పుట్టింది. పని మధ్యలో విరామం దొరికితే గాయకుడు జో ఎలియట్ గిటార్ మీద ఏదో వాయించుకుంటున్నాడు. అది లాంగ్ చెవిన పడింది. ఆల్బమ్ దాదాపు పూర్తయిపోయినా సరే, ఇది కూడా ఉండాల్సిందేనని పట్టుబట్టాడు.

ఈ ఆల్బమ్ గురించి మాట్లాడుతూ డ్రమ్మర్ రిక్ అలెన్ పేరు ఎత్తకపోతే అన్యాయం. 1984 డిసెంబర్ 31న కారు ప్రమాదంలో ఆయన ఎడమ చెయ్యి పోయింది. అప్పటికి వయసు 21. బ్యాండ్ ఇంకొకర్ని వెతుక్కోలేదు. ఆయన కోసం ఎలక్ట్రానిక్ పెడళ్లతో కొత్త డ్రమ్ కిట్ తయారైంది. ఎడమ చెయ్యి చేయాల్సిన పని ఎడమ కాలు నేర్చుకుంది. కుడి కాలు బేస్ డ్రమ్ మీద, కుడి చెయ్యి పైన తిరుగుతుంటే, ఎడమ కాలు వరసగా అమర్చిన పెడళ్ల మీద ఒకదాని నుంచి ఇంకోదానికి కదులుతూ స్నేర్ అనే చిన్న డ్రమ్ దెబ్బా, మిగతా దెబ్బలూ వేస్తుంది. 1986 ఆగస్టులో డోనింగ్టన్ రాక్ పండగలో ఆయన మళ్లీ జనం ముందు వాయించాడు. ‘షుగర్’ దరువు అంత నిదానంగా, అంత బరువుగా సాగుతుంది కదా, అందులో ఖాళీలు ఎక్కువ. ఆ ఖాళీలే పాటకి బలం. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఊపిరి తీసుకునే చోటు ఉండబట్టే కోరస్ వచ్చేసరికి అంత విరుచుకుపడినట్టు అనిపిస్తుంది.

మరి దీనికి ఎందుకు ఓటు వేయలేదు? ఒక అకూస్టిక్ గిటార్, ఒక గొంతు పెట్టుకుని పాడి చూడండి. ఒక నినాదం మిగులుతుంది, అంతే. ర్యాప్ బృందం రన్ డీఎంసీ, రాక్ బ్యాండ్ ఏరోస్మిత్ కలిసి 1986లో చేసిన ‘వాక్ దిస్ వే’ ప్రభావంతో ర్యాప్‌కి దగ్గరగా పాడిన చరణాలివి. మాటలు అర్థం కోసం కాక శబ్దం కోసం పడ్డాయి. అది తప్పని అనను. కారులో, పార్టీలో, పెద్ద స్పీకర్ల ముందు దీన్ని కొట్టే పాట లేదు. కానీ ఆ శబ్దం తీసేస్తే పట్టుకోవడానికి ఇంకేమీ దొరకదు.

‘స్వీట్ చైల్డ్’ విషయం వేరు. అసలు పోటీ దీనితోనే.

మొదటి నాలుగు సెకన్లు చాలు, పాట ఏదో తెలిసిపోతుంది. గన్స్ గిటారిస్టు స్లాష్ వేళ్లకి వ్యాయామంగా, ఆటలాగా, తీగల మీద ఎగిరెగిరి వాయించుకుంటున్న వరస అది. దాని కింద బ్యాండ్‌లో రెండో గిటారిస్టు ఇజ్జీ స్ట్రాడ్లిన్ కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) అందుకున్నాడు. ఆక్సెల్ రోజ్ అది విని, తన ప్రేయసి మీద రాసుకున్న మాటలు దానికి కలిపాడు. స్లాష్‌కి చాలాకాలం ఆ వరస మీద పెద్ద గౌరవమే లేదు. ఈ రోజు మన హైదరాబాద్‌లో అయినా, వైజాగ్‌లో అయినా ఎలక్ట్రిక్ గిటార్ కొన్న కుర్రాళ్లు మొదట వెతుక్కునే వాటిలో అదొకటి. ఒక్క మాట: రికార్డులో గిటార్లన్నీ అర్ధస్వరం కిందికి శ్రుతి చేసి ఉంటాయి. మామూలు శ్రుతిలో పెట్టుకుని పాటతో పాటు వాయిస్తే ఎప్పటికీ కలవదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే తికమకపడి, తమ చెవిలోనే లోపం ఉందనుకుని బాధపడుతుంటారు.

ఈ పాటలో నాకు నచ్చేది ప్రేమ భాగం కాదు, ప్రేమ అయిపోయాక వచ్చేది. మూడు నిమిషాల పైచిలుకు వరకు అంతా వెలుతురే. కళ్లు, ఆకాశం, చిన్ననాటి జ్ఞాపకాలు. అక్కడ స్లాష్ సోలో మొదలవుతుంది. పాట వెలుగుగా వినిపించే మేజర్ నుంచి దిగులుగా వినిపించే మైనర్‌కి దిగిపోతుంది. ముందు నెమ్మదిగా, పాడుకోగలిగేంత తీరుగా సాగిన సోలో, గిటార్ శబ్దాన్ని కాలితో వంచే వా పెడల్ తొక్కగానే ఏడుపులా మారుతుంది. ఆ తర్వాత ఆక్సెల్ ‘ఇప్పుడెటు వెళ్దాం’ అని పదే పదే అడుగుతాడు. పాటని ఎలా ముగించాలో బ్యాండ్‌కి తోచక, ఇక ఎటు వెళ్దామని గొణుక్కున్న మాటలే అలా పాటలోకి వచ్చేశాయి. సంతోషంగా మొదలైన ప్రేమపాట జవాబు లేని ప్రశ్న మీద ఆగడం గ్లామ్ మెటల్‌లో ఇంకెక్కడా ఇంత సహజంగా జరగలేదు. నిర్మాత మైక్ క్లింక్ కూడా పనితనం మరీ నునుపెక్కకుండా చూశాడు. స్టీవెన్ ఆడ్లర్ డ్రమ్స్ కాస్త ఊగుతూ నడుస్తాయి. ‘షుగర్’ పక్కన పెట్టి వింటే ఇది మనుషులు ఒక గదిలో కూర్చుని వాయించిన పాట అని వెంటనే తెలుస్తుంది.

ఇంత చెప్పాక కూడా ఇది రెండో స్థానమేనా అంటే, అవును. ఈ పాటలో భావం మోసేది గిటార్. మాటలు దాని వెనకాల నడుస్తాయి. సోలో తీసేసి పాడితే అందమైన ప్రేమపాట మిగులుతుంది గానీ ఆ దిగులు మిగలదు. ఇంకో విషయం కూడా ఉంది. మన దేశంలోకి స్టార్ టీవీతో పాటు ఎంటీవీ వచ్చింది 1991లో. అదే ఏడాది సెప్టెంబర్‌లో గ్రంజ్ అనే కొత్త తరహా రాక్ వాయించే నిర్వాణా బ్యాండ్ ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ రావడంతో అమెరికాలో గ్లామ్ మెటల్ పని అయిపోవచ్చింది. మన ఇళ్లలో టీవీ పెట్టిన కుర్రాళ్లకి 1992లో గన్స్ వాళ్ల ‘నవంబర్ రెయిన్’ వీడియో కనిపించింది, చర్చి ముందు స్లాష్ ఒంటరిగా నిలబడి సోలో వాయించడం కనిపించింది. దాన్ని చూసి వెనక్కి వెళ్లి ‘స్వీట్ చైల్డ్’ వెతుక్కున్నవాళ్లకి బాన్ జోవి అంతకు ముందటి తరం బ్యాండ్‌లా అనిపించింది. ఏది ముందు చూశామన్న ఆ క్రమమే ఇప్పటికీ మన తీర్పుని లాగుతోందని నా నమ్మకం.

ఇక ‘ప్రేయర్’. మాటల దగ్గర్నుంచే మొదలుపెడతాను. ఆ రోజుల్లో ఈ తరహా పాటల్లో ఉండేవి అమ్మాయిలు, బైకులు, శనివారం రాత్రి పార్టీలు. ఇందులో టామీ రేవులో పనిచేసేవాడు. యూనియన్ సమ్మెలో ఉంది. జీనా హోటల్లో రోజంతా పనిచేసి సంపాదించింది ఇంటికి తెస్తుంది. టామీ గిటార్ తాకట్టులో ఉంది. నాలుగు ముక్కల్లో ఒక సంసారం మొత్తం కళ్ల ముందు నిలబడుతుంది. తాకట్టు కొట్టు మెట్లెక్కిన ఏ ఇంటివాళ్లకైనా ఆ గిటార్ సంగతి ఇంకెవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. గాయకుడు జాన్ బాన్ జోవి, గిటారిస్టు రిచీ సంబోరాలతో కలిసి ఈ పాట రాసిన డెస్మండ్ చైల్డ్ తన సొంత బతుకునే ఇందులో పెట్టాడు. పేరు రాకముందు ఆయన టాక్సీ నడిపేవాడు, ఆయన స్నేహితురాలు హోటల్లో వడ్డించేది.

ఈ పాట మొదటి రూపం జాన్‌కి నచ్చలేదు. ఆల్బమ్‌లో వద్దన్నాడు. దీన్ని వదులుకోవద్దని పట్టుబట్టింది సంబోరా. అప్పుడు బేస్ వరస మార్చారు, డ్రమ్స్ మార్చారు, టాక్ బాక్స్ వచ్చి చేరింది. టాక్ బాక్స్ అంటే గిటార్ శబ్దాన్ని ఒక ప్లాస్టిక్ గొట్టం ద్వారా వాయించేవాడి నోట్లోకి పంపే పరికరం. మాట్లాడుతున్నట్టు నోరు కదిపితే గిటార్ ‘వావ్ వావ్’ అంటుంది, ఎదురుగా ఉన్న మైకు దాన్ని పట్టుకుంటుంది. పాట మొదట్లో మాట్లాడబోయి ఆగినట్టు వినిపించేది అదే.

నా ఓటుని ఖాయం చేసిన చోటు మాత్రం ఆఖరి కోరస్. మామూలుగా పాప్ పాటల్లో చివర ఊపు తేవాలంటే శ్రుతిని ఒక అర్ధస్వరమో రెండో పైకి జరుపుతారు. ఇక్కడ ఒకేసారి మూడు జరిపారు. అంతటితో ఆగలేదు. దానికి ముందున్న తాళం ఆవృత్తంలో ఒక బీట్ కోసేశారు. నాలుగు రావాల్సిన చోట మూడే వస్తాయి. మనం ఇంకో అడుగు వేయబోయేలోపే కోరస్ పై శ్రుతిలో మీద పడుతుంది. చేత్తో తాళం వేసుకుంటూ వినండి, ఆ చోట చెయ్యి గాల్లోనే ఉండిపోతుంది. టామీ, జీనా బతుకు మీద పట్టు దొరక్క అవస్థ పడుతున్నారని మాటలు చెబుతుంటే, తాళమే మన కాళ్ల కింద నేల లాగేస్తుంది. మాటా, శ్రుతీ, లయా ఒకే చోట ఒకే పని చేయడం ఆ దశాబ్దపు రాక్‌లో ఇంతకన్నా బాగా నాకెక్కడా వినపడలేదు. ఇంత ఎత్తున పెట్టిన కోరస్‌ని జాన్ ఏళ్ల తరబడి వేదికల మీద పాడటానికి ఎంత కష్టపడ్డాడో అభిమానులకి తెలుసు.

శబ్దమంతా తీసేసినా ఈ పాట నిలబడుతుందా? దానికి జవాబు 1989లో ఎంటీవీ వీడియో అవార్డుల వేదిక మీదే దొరికింది. జాన్, సంబోరా ఇద్దరే అకూస్టిక్ గిటార్లు పట్టుకుని వచ్చి ‘ప్రేయర్’, ‘వాంటెడ్ డెడ్ ఆర్ అలైవ్’ వాయించారు. డ్రమ్స్ లేవు, టాక్ బాక్స్ లేదు, లైట్ల హడావుడి లేదు. పాట చెక్కుచెదరలేదు. పైగా సమ్మె, తాకట్టు మాటలు అప్పుడే ఇంకా స్పష్టంగా చెవిన పడ్డాయి. ఎలక్ట్రిక్ వాయిద్యాలు లేకుండా పాడే ఎంటీవీ ‘అన్‌ప్లగ్డ్’ కార్యక్రమాలకి దారి చూపింది ఆ రాత్రే అని చాలామంది చెబుతారు. పాప్ అని తీసిపారేసిన పాట ఇంత పరీక్షకి నిలిచిందంటే, గిటార్ మిత్రులు మరోసారి ఆలోచించాలి.

చార్టుల లెక్క కావాలంటే అదీ చెబుతాను. ‘ప్రేయర్’ 1987 ఫిబ్రవరి నుంచి నాలుగు వారాలు అమెరికాలో మొదటి స్థానంలో ఉంది. ‘స్వీట్ చైల్డ్’ 1988 సెప్టెంబర్‌లో రెండు వారాలు. ‘షుగర్’ 1988 జులైలో రెండో స్థానం దాకా వచ్చి ఆగింది, ఆ ఆల్బమ్ నుంచి మొదటి స్థానం కొట్టింది ‘లవ్ బైట్స్’. ఈ అంకెల్ని నేను తీర్పుకి వాడుకోలేదు.

ఒక్క సందర్భంలో మాత్రం నా ఓటు మారుతుంది. మీరు గిటార్ నేర్చుకుంటుంటే, ‘స్వీట్ చైల్డ్’ దగ్గర గడిపే ప్రతి గంటా మిగతా రెండిటికన్నా మీకు ఎక్కువ నేర్పుతుంది. వేళ్ల ఆట, సోలోకి కథ కట్టడం, వా పెడల్ ఎక్కడ తొక్కాలి, ఎక్కడ వదలాలి అన్నీ అందులోనే ఉన్నాయి. కాకపోతే రేడియో కోసం సోలో కత్తిరించిన వెర్షన్ ఒకటి తిరుగుతుంటుంది. అది వద్దు. ఆల్బమ్‌లో ఉన్న 5 నిమిషాల 56 సెకన్ల పాటే పెట్టుకోండి.